పాటల గదికి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్: ప్రాజెక్టు డైరీ

2025 నవంబరు, మొదటి వారం

విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు అక్టోబరు 14తో ఆగిపోయాయి. మరో ఏడాది పొడిగించుకునే ఏర్పాటు ఉంది గానీ, అది వాయిదా వేయడమే. విండోస్ 11 వేద్దామంటే మేడమీది గదిలోని డెస్క్‌టాప్‌లో ఉన్నది ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్. అధికారికంగా ఎనిమిదో తరం నుంచే ఆమోదం, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. దొడ్డిదారిన ఎక్కించే చిట్కాలకు కొదవ లేదు. కానీ సంగీతం మాస్టారు గొంతు సవరించుకుని మైకు ముందు కూర్చున్నాక, "రాత్రి వచ్చిన అప్‌డేటుతో సౌండు పోయిందండీ" అని చెప్పే రోజు నాకు వద్దు. యంత్రమేమో నిక్షేపంగా ఉంది. మెమరీ పుష్కలం, డిస్కు కొత్తది, ఫ్యాను శబ్దం మైకుకు వినపడనంత తక్కువ. దాన్ని పాత సామాన్ల వాడికి వేయడానికి మనసొప్పలేదు.

మ్యాక్ కొనెయ్ అని ఒక మిత్రుడి సలహా. డబ్బు సంగతి పక్కన పెట్టినా, అక్కడ నా లెక్క కుదరదు. నేను రోజూ వాడే తంబురా ప్లగిన్ (రికార్డింగ్ ప్రోగ్రాములో తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) 32 బిట్ల కాలం నాటిది. 2019లో వచ్చిన కాటలినాతోనే మ్యాక్ 32 బిట్ల ప్రోగ్రాములకు తలుపు మూసేసింది. 2020 చివర్లో ఎం1 చిప్పుతో ప్రాసెసరే మారిపోయింది, పాత ఇంటెల్ ప్రోగ్రాముల కోసం రోసెటా 2 అనే అనువాదకుడు వచ్చాడు. ఆ దారిలో వెళ్లినవాళ్లు ఎవరి తిప్పలు వాళ్లు పడ్డారు. ఎలాగూ తిప్పలు తప్పనప్పుడు ఉన్న యంత్రం మీదే పడదామని లినక్స్ వైపు మొగ్గాను. లినక్స్ రకాల్లో డెబియన్ 13 ఎంచుకున్నాను. ఆగస్టులో విడుదలైంది, కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ) 6.12, ఊరికే మారిపోయే స్వభావం లేనిది. రికార్డింగ్ గదికి ఆ గుణం చాలు.

ఈ గదిలో జరిగే పని పెద్ద సినిమా మిక్సింగేమీ కాదు. మాస్టారు కర్ణాటక సంగీతం పాఠాలు చెబుతారు, విదేశాల్లో ఉన్న తెలుగు పిల్లలకు కూడా. సరళీ వరుసల నుంచి కృతుల వరకు ప్రతి పాఠానికీ గాత్రం, తంబురా, అవసరమైన చోట మృదంగం వేర్వేరు ట్రాకుల మీద రికార్డు చేసి ఇస్తాను. తంబురా ఒక్కటే ఆపి సాధన చేసుకోవడానికి, మృదంగం ఒక్కటే పెట్టుకుని పాడుకోవడానికి అదే సౌకర్యం. రెండు మైకులు, రెండు చానెళ్ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, చిన్న మిడి కీబోర్డు, రికార్డింగుకు రీపర్. ఇంతే సరంజామా.

"నీ సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో నడుస్తుందా?" అని అడిగినవాళ్లందరికీ జవాబు ఒక్క మాటలో అయిపోతుంది: నడుస్తుంది. రీపర్‌కు లినక్స్ వెర్షన్ ఉంది, ఒకసారి కొన్న లైసెన్సు విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ చెల్లుతుంది. చిక్కంతా అక్కడ లేదు. రీపర్ కింద సౌండు డ్రైవర్, రీపర్ లోపల ప్లగిన్లు, ప్లగిన్ల వెనుక లైసెన్సులు, వీటన్నిటితో ముడిపడి ఏళ్ల తరబడి పేరుకున్న పాత సెషన్లు, అంటే రీపర్లో దాచుకున్న ప్రాజెక్టు ఫైళ్లు. కొత్త పాట ఏ సిస్టమ్ మీదైనా రికార్డు చేసుకోవచ్చు. పోయినేడు రికార్డు చేసిన వర్ణం అదే ధ్వనితో మళ్లీ తెరుచుకుంటుందా లేదా, నా పరీక్ష అది.

అదే వారం, విండోస్ తీయక ముందు

కొత్తది వేయడం కన్నా పాతదాని నుంచి తీసుకోవాల్సింది తీసుకోవడానికే ఎక్కువ శ్రద్ధ పెట్టాను. పాత డిస్కును చెరపడం లేదు, బయటికి తీసి దాచిపెడుతున్నాను. అయినా దాని మీద భరోసా పెట్టుకోలేను. ఏదో ఒక రోజు ఆ విండోస్ లేవకపోతే?

గాత్రానికి హాలు ప్రతిధ్వని ఇవ్వడానికి నేను వాడే రివర్బ్ ప్లగిన్‌ది పెద్ద సమస్య. కొన్న ప్లగినే. కానీ దాని లైసెన్సు ఒక ప్రత్యేక మేనేజర్ ప్రోగ్రాము చేతిలో ఉంటుంది, ఆ మేనేజర్‌కు లినక్స్ వెర్షన్ లేదు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ మీద వేసి చూద్దామంటే అది సిస్టమ్ లోతుల్లో డ్రైవర్ పెట్టుకునే రకం. ప్లగిన్ బహుశా నడిచేదే, తాళం చెవి మాత్రం లోపలికి రాదు. అందుకని రెండు పనులు చేశాను.

మొదటిది: ఆ రివర్బ్ ఉన్న ప్రతి సెషన్లో గాత్రాన్ని రెండు విధాలా వేవ్ ఫైలుగా తీశాను. ఏ ఎఫెక్టూ లేని పొడి గొంతు ఒకటి, రివర్బ్ మాత్రమే విడిగా మరొకటి. కలిపి తీస్తే రేపు మాస్టారు "ప్రతిధ్వని కొంచెం తగ్గించు" అన్నప్పుడు చేతులు కట్టేసినట్టవుతుంది.

రెండోది నాకు బాగా నచ్చిన పని. ఒకే ఒక్క శాంపిల్ (డిజిటల్ ధ్వనిలో అతి చిన్న కొలత) పొడవున్న టిక్కు శబ్దాన్ని ఫైలుగా చేసి, దాన్ని రివర్బ్ గుండా పంపి, వెనక్కి వచ్చిన తోకను రికార్డు చేశాను. ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు దీన్ని. హాలులో చప్పట్లు కొట్టి ఆ ప్రతిధ్వనిని పట్టుకున్నట్టే. ఆ ఫైలును రీపర్‌తోనే వచ్చే రియావెర్బ్ ప్లగిన్‌లో వేస్తే అదే హాలు ధ్వని తిరిగి వస్తుంది. ఒక పరిమితి ఉంది: ప్లగిన్ లోపల మాడ్యులేషన్ ఉంటే, అంటే ప్రతిధ్వని నెమ్మదిగా అలల్లా కదిలే లక్షణం ఉంటే, అది ఇందులోకి రాదు. ఇంపల్స్ రెస్పాన్స్ ఒక క్షణపు పోలికను మాత్రమే పట్టుకుంటుంది. నేను ఎప్పుడూ మాడ్యులేషన్ సున్నా దగ్గరే ఉంచేవాణ్ణి కాబట్టి బతికిపోయాను. పక్కపక్కన పెట్టి విన్నాను. కళ్లు మూసుకుంటే ఏది ఏదో చెప్పలేను.

సెట్టింగులన్నీ ఫోనుతో ఫొటోలు తీసి పెట్టుకున్నాను. ప్రీసెట్ ఫైలు ఆ ప్లగినుకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు, ఫొటోలో అంకెలు మాత్రం ఎవరైనా చదవగలరు.

రెండో వారం

ఇన్‌స్టాల్ గురించి రాయడానికి ఏమీ లేదు. పెన్‌డ్రైవ్ పెట్టాను, కాఫీ తాగే లోపు అయిపోయింది.

ఆడియో ఇంటర్‌ఫేస్ తగిలించగానే గుర్తించింది. ఇది క్లాస్ కంప్లయంట్ రకం, అంటే యూఎస్‌బీ ఆడియోకు ఉన్న ఉమ్మడి నియమాల ప్రకారం మాట్లాడే పెట్టె. అలాంటి వాటికి కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉంటుంది. విండోస్‌లో కథ వేరు. అక్కడ తక్కువ ఆలస్యంతో రికార్డు చేయాలంటే కంపెనీ ఇచ్చే ఆసియో డ్రైవర్ కావాలి. ఆసియో అన్నది స్టైన్‌బర్గ్ 1990లలో తెచ్చిన పద్ధతి, సిస్టమ్‌లోని మామూలు సౌండు దారిని దాటేసి పెట్టెతో నేరుగా మాట్లాడుతుంది. కంపెనీ కొత్త డ్రైవర్ రాయడం మానేసిన రోజున పెట్టె బాగున్నా పనికిరాకుండా పోతుంది. వాడేసిన ఇంటర్‌ఫేస్ కొనేవాళ్లు క్లాస్ కంప్లయంటా కాదా అన్నది ముందు అడగాలని నా అభిప్రాయం. ఎన్ని బిట్లు, ఎంత గెయిన్ అన్నవి తర్వాత.

లినక్స్‌లో సౌండు ఒకప్పుడు అయోమయం. మామూలు పాటలకు పల్స్‌ఆడియో, రికార్డింగుకు జాక్, రెండిటికీ పడదు. జాక్ నడుస్తుంటే బ్రౌజర్లో వీడియో మూగబోయేది. ఇప్పుడు రెండిటి స్థానంలో పైప్‌వైర్ కూర్చుంది. ఫెడోరా 2021లో దాన్ని మొదట ప్రధాన సౌండు వ్యవస్థగా పెట్టుకుంది, తర్వాత మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. జాక్ కోసం రాసిన ప్రోగ్రాములు పైప్‌వైర్‌నే జాక్ అనుకుని మాట్లాడతాయి. డెబియన్‌లో అందుకు విడిగా ఒక ప్యాకేజీ వేసుకుని, రీపర్‌ను 'పీడబ్ల్యూ-జాక్' అనే మాటతో మొదలుపెట్టాలి. ఆ మాట వదిలేస్తే రీపర్‌కు జాక్ కనపడదు.

మొదటి ప్రయోగంలో మాట్లాడిన మాట హెడ్‌ఫోన్లో ఆలస్యంగా వినపడింది. పైప్‌వైర్ మామూలుగా 1,024 శాంపిళ్ల ముక్కలుగా పనిచేస్తుంది, సెకనుకు 48,000 శాంపిళ్ల దగ్గర అది 21 మిల్లీసెకన్ల పైమాట. సినిమా చూడటానికి బాగానే ఉంటుంది, పాడటానికి పనికిరాదు. 256కు దించితే 5.3 మిల్లీసెకన్లు. అప్పుడు ఆలస్యం పోయి, టప్పు టప్పు మని శబ్దాలు వచ్చాయి.

ఆ టప్పులకు ఎక్స్‌రన్ అని పేరు. ప్రాసెసర్ సమయానికి ముక్క అందించలేకపోతే ఆ ఖాళీ చెవికి టప్పుమని వినపడుతుంది. 'పీడబ్ల్యూ-టాప్' అని నడిపితే ఏ ప్రోగ్రాము ఎన్నిసార్లు తడబడిందో ఒక నిలువు వరుసలో అంకెలు పెరుగుతూ కనిపిస్తాయి. వాటిని చూస్తూ ఒక్కొక్కటే మార్చాను. నా ఖాతాకు రియల్‌టైమ్ ప్రాధాన్యం ఇచ్చాను, కొంత తగ్గింది. ప్రాసెసర్ కరెంటు ఆదా చేసే పద్ధతి మాని పూర్తి వేగంతో ఉండేలా చేశాను, ఇంకా తగ్గింది. అయినా ఎప్పుడో ఒకసారి ఒక టప్పు. చివరికి దొరికిన దొంగ యూఎస్‌బీ వైఫై డాంగిల్. అది, ఆడియో పెట్టె ముందువైపు పక్కపక్క రంధ్రాల్లో ఉన్నాయి. పెట్టెను వెనకవైపు మదర్‌బోర్డు రంధ్రానికి మార్చి, రికార్డింగ్ వేళ డాంగిల్ తీసేశాను. అంకె సున్నా దగ్గర ఆగింది. 128కి దించినా కదలలేదు.

సమయం తప్పకుండా పని అందించేలా మలిచిన రియల్‌టైమ్ కెర్నెల్ వేయలేదేమని అడిగేవాళ్లు ఉంటారు. దాదాపు 20 ఏళ్లు బయట పెరిగిన ఆ ప్రీఎంప్ట్-ఆర్టీ మార్పులు 2024లో, ఇదే 6.12 కెర్నెల్‌తో, అసలు లినక్స్‌లో కలిశాయి. డెబియన్‌లో దానికి వేరే ప్యాకేజీ కూడా ఉంది. మామూలు కెర్నెల్ 128 దగ్గర నిలబడినప్పుడు అది నాకెందుకు? సున్నా కనిపించాక వేలు పెట్టడం మానుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

మూడో వారం, ప్లగిన్లు

కొత్తగా కావాల్సిన వాటికి లినక్స్‌లో కరువు లేదు. ఈక్యూలు, కంప్రెసర్లకు రీపర్ సొంత ప్లగిన్లే నాకు సరిపోతాయి, ఇంకా కావాలంటే ఎల్‌ఎస్‌పీ వాళ్లవి ఉన్నాయి. రివర్బ్‌కు డ్రాగన్‌ఫ్లై బాగుంది. కీబోర్డు స్వరాలకు సర్జ్ ఎక్స్‌టీ. అన్నీ ఉచితం.

ఉన్నదొక్కటే బెంగ: తంబురా. ఎవరో ఒక ఔత్సాహికుడు ఏనాడో రాసి ఉచితంగా ఇచ్చిన, వీఎస్‌టీ2 అనే పాత పద్ధతి ప్లగిన్. ఆ ఔత్సాహికుడి జాడ లేదు, సోర్సు కోడు లేదు. వీఎస్‌టీ2 ప్లగిన్లు రాసే కిట్‌ను స్టైన్‌బర్గ్ 2018లో ఆపేసింది కాబట్టి ఇంకెవరైనా కొత్తగా రాసే అవకాశమూ తక్కువే. ఇలాంటి అనాథల కోసమే యాబ్రిడ్జ్ ఉంది. విండోస్ ప్లగిన్‌ను వైన్ మీద నడిపించి, రీపర్‌కు అది లినక్స్ ప్లగినే అన్నట్టు చూపిస్తుంది. 32 బిట్ల ప్లగిన్‌ను 64 బిట్ల రీపర్‌కు కలపగలదు కూడా. వైన్ వెర్షన్ విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. 9.21 తర్వాతి వైన్లతో, నేను వేసిన యాబ్రిడ్జ్ వెర్షన్‌కు ఒక పేచీ ఉంది. ప్లగిన్ కిటికీలో మనం నొక్కే చోటు ఒకటి, అది నొక్కారనుకునే చోటు ఒకటి. డెబియన్ 13తో వచ్చే వైన్ 10 అందుకే పనికిరాదు. 9.21 తెచ్చుకుని, అప్‌డేట్ కాకుండా దానికి తాళం వేశాను.

ప్లగిన్ తెరుచుకుంది. తీగలు మోగాయి. పాత పాఠం ఒకటి తెరిచి, మాస్టారిని పైకి పిలిచాను.

ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండు క్షణాలు విన్నారు. మొహం చిట్లించారు.

"ఏమయ్యా, తంబురా ఎక్కడికో పోయింది."

"ఒకటి శ్రుతేనండి మాస్టారూ, చూడండి, తెర మీద కూడా అదే ఉంది."

"తెర సంగతి నాకెందుకు? నా గొంతు ఒకటిలోనే ఉంది. తంబురా ఒకటిన్నరా కాదు, రెండూ కాదు. రెండిటి మధ్యలో ఉంది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజమని ట్యూనరు చూశాక తెలిసింది. ఒకటి శ్రుతి షడ్జమం ఆ స్థాయిలో 130.8 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. తంబురా 142కు పైన చూపిస్తోంది. 142.4ను 130.8తో భాగిస్తే 1.088. ఆ అంకె చూడగానే బుర్ర వెలిగింది: 48,000ను 44,100తో భాగించినా అదే వస్తుంది. పాత పాఠాలన్నీ 44,100 శాంపిళ్ల వేగంతో చేసినవి. పైప్‌వైర్ తన మామూలు వేగం 48,000తో నడుస్తోంది. గొంతు ట్రాకులను రీపర్ లెక్క కట్టి సరిచేసి వినిపించింది, అందుకే గొంతు మారలేదు. తంబురా ప్లగిన్ మాత్రం లోకంలో 44,100 తప్ప వేరే వేగం ఉందని ఎరగదు. తన దగ్గరున్న శాంపిళ్లను వచ్చిన వేగంతో వచ్చినట్టు వదిలేసింది. అర స్వరం కొలతలో చెప్పాలంటే దాదాపు ఒకటిన్నర మెట్లు పైకి. శ్రుతి పేర్లలో ఒకటి, ఒకటిన్నర, రెండు ఒక్కో మెట్టు తేడాతో వస్తాయి. ఒకటి శ్రుతి నుంచి ఒకటిన్నర మెట్లంటే సరిగ్గా ఒకటిన్నరకూ రెండుకూ నడుమ. మాస్టారి చెవికి ట్యూనరు అవసరం లేదు.

పైప్‌వైర్ సెట్టింగుల్లో వేగాన్ని 44,100 దగ్గర నిలిపాను. తంబురా దిగివచ్చి గొంతు పక్కన బుద్ధిగా కూర్చుంది. అయినా ఈ ప్లగిన్‌ను ఇక నమ్మను. ఇవాళ వైన్, రేపు ఇంకేదో. ఒకటి, ఒకటిన్నర, ఐదు, ఐదున్నర, మాస్టారి శిష్యులు పాడే శ్రుతులన్నిటికీ పంచమ తంబురా, మధ్యమ తంబురా విడివిడిగా, పొడవాటి వేవ్ ఫైళ్లుగా తీసి పెట్టుకున్నాను. ఇక నుంచి తంబురా ఒక ఆడియో ట్రాకు మాత్రమే. ప్లగిన్ ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే.

మూడో వారం చివర, భైరవి మాయం

మాస్టారి పాత పాఠాలు కొన్ని మరో మిత్రుడి దగ్గర పాత మ్యాక్ మీద రికార్డు చేసినవి. ఆయనదీ రీపరే. ఆ ఫోల్డర్లు మ్యాక్, విండోస్ రెండూ చదివే ఒక ఎక్స్‌ఫ్యాట్ డిస్కులో నా దగ్గరికి వచ్చాయి, నేను వాటిని విండోస్‌లో ఎన్నడూ తెరవలేదు. అన్నీ ఒకే చోటికి చేరుద్దామని లినక్స్‌లోకి కాపీ చేసి ఒక్కో సెషన్ తెరవడం మొదలుపెట్టాను.

ఫైళ్ల పేర్లన్నీ తెలుగులో, రాగాల పేర్లతో. కళ్యాణి తెరుచుకుంది. మోహన తెరుచుకుంది. శంకరాభరణం, తోడి, కాంభోజి అన్నీ వచ్చాయి. భైరవి దగ్గర రీపర్ ఆగిపోయి, ఫైలు దొరకడం లేదంది. ఫోల్డర్ చూస్తే 'భైరవి గాత్రం' అన్న ఫైలు కళ్లెదురుగా ఉంది. సింధుభైరవి కూడా దొరకదట. ఆనందభైరవి కూడా. ఏమిటీ భైరవులతో వైరం?

కాపీ చెడిందేమో అనుకుని ఫైలును నేరుగా ప్లేయర్లో వేశాను, చక్కగా పాడింది. రీపర్ సెషన్ ఫైలు మామూలు టెక్స్టు, ఎందులోనైనా తెరవచ్చు. ఆ సుగుణం వల్లే ఇంత దూరం రాగలిగాను. అందులో రాసి ఉన్న పేరు 'భైరవి గాత్రం'. డిస్కులో ఉన్న పేరు 'భైరవి గాత్రం'. రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశాను. తేడా లేదు. ఇంకో ఫోల్డర్లో 'వైకుంఠం' అన్న ఫైలూ తెరుచుకోలేదు, 'ఐదో పాఠం' మాత్రం తెరుచుకుంది. అప్పుడు కాస్త దారి కనిపించింది: ఐత్వం. భై, వై.

రెండు పేర్లనూ బైట్లుగా విప్పి చూశాను. కంటికి ఒకటే అయినా సెషన్లో ఉన్న పేరు కన్నా డిస్కులో ఉన్న పేరు 3 బైట్లు పొడవు. అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఐత్వానికి ఒకే సంకేతం ఉంది, 0సీ48. కానీ అదే గుర్తును రెండు ముక్కలుగా కూడా రాయవచ్చు: ఎత్వం 0సీ46, దాని కింద తగిలే ఐ గుర్తు 0సీ56. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో మొదటిదానికి 3 బైట్లు, రెండోదానికి 6. రెండూ చెల్లుతాయి, రెండూ ఒకటేనని యూనికోడే చెబుతుంది. తెలుగులో ఇలా విడదీసే వీలున్న గుర్తు ఇదొక్కటే. 'ఐ' అచ్చుకు ఆ విభజన లేదు కాబట్టే ఐదో పాఠం బతికిపోయింది.

మ్యాక్ పాత ఫైల్ వ్యవస్థ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసిన రూపంలోనే దాచుకుంటుంది. వెతికేటప్పుడు కూడా విడదీసే వెతుకుతుంది కాబట్టి అక్కడ ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు. సెషన్ ఫైలులో మాత్రం మిత్రుడు టైపు చేసిన రూపమే, కలిపి ఉన్నదే, నిలిచిపోయింది. లినక్స్‌కు పేరంటే బైట్ల వరుస. రెండు వరుసలు వేరు, కాబట్టి ఫైళ్లూ వేరు. ఇందులో తప్పు పట్టడానికి ఎవరూ లేరు, ఎవరి నియమం వాళ్లు పాటించారు. 2017లో వచ్చిన మ్యాక్ కొత్త వ్యవస్థ ఏపీఎఫ్‌ఎస్ ఇచ్చిన పేరును ఇచ్చినట్టే ఉంచుతుంది, ఇప్పుడు రికార్డు చేసేవాళ్లకు ఈ తంటా తక్కువ.

మందు చిన్నది. 'కాన్వ్‌ఎంవీ' అనే పనిముట్టుకు ఫోల్డరు చూపించి, పేర్లన్నిటినీ కలిపిన రూపంలోకి, అంటే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, మార్చమన్నాను. అది మంచి మర్యాదస్తురాలు. ముందు ఏవేవి మారుస్తుందో జాబితా చూపిస్తుంది, 'నోటెస్ట్' అని స్పష్టంగా చెబితే తప్ప చెయ్యి వేయదు. జాబితాలో భైరవులన్నీ, వైకుంఠాలన్నీ వరుసగా కనిపించాయి, ఇంకేమీ లేవు. సరేనన్నాను. మూడు భైరవులూ తిరిగి వచ్చాయి.

దీని ముందు మృదంగం ఫైళ్ల గొడవ లెక్కలోకే రాదు. వాటికి ఇంగ్లీషు పేర్లు, కొన్నిట్లో మొదటి అక్షరం పెద్దది, కొన్నిట్లో చిన్నది. విండోస్ ఆ తేడాను పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. అన్నీ చిన్న అక్షరాలు చేసి, సెషన్లలో కూడా ఒక్క వేటుతో మార్చేశాను.

నాలుగో వారం, మేనల్లుడి మృదంగం

పాత పని తెరుచుకోవడం అయింది. కొత్త పని అతికేదీ లేనిదీ చూడాలి. మాస్టారి గాత్రం ఇదివరకే రికార్డయింది, దాన్ని హెడ్‌ఫోన్లో వింటూ మేనల్లుడు మృదంగం వాయిస్తాడు. అతను విన్న క్షణం, వాయించిన క్షణం, ఆ వాయింపు డిస్కులో చేరిన క్షణం, వీటి మధ్య ఉండే ఆలస్యాన్ని రీపర్ లెక్కగట్టి వెనక్కి జరపాలి. విండోస్‌లో కంపెనీ డ్రైవరే తన ఆలస్యం ఎంతో చెప్పేది. ఇక్కడ ఆ పెట్టెకు చెప్పే అలవాటు లేదు, మనమే కొలిచి ఇవ్వాలి.

కొలత సులభం. పెట్టె అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు ఒక కేబుల్ కలిపి, 'జాక్-ఐఓడిలే' నడిపితే ధ్వని బయటికి వెళ్లి తిరిగి రావడానికి ఎన్ని శాంపిళ్లు పట్టిందో చెబుతుంది. బఫర్, అంటే ఆ శాంపిళ్ల ముక్క, 128 దగ్గర ఒక వైపు 2.9 మిల్లీసెకన్లు, అంటే గాలిలో ధ్వని ఒక మీటరు ప్రయాణించే కాలం. కానీ రానుపోను, యూఎస్‌బీ, పెట్టె లోపలి మార్పిడి అన్నీ కలిసి 10 మిల్లీసెకన్ల దగ్గర తేలింది. పాడేవాళ్లకు ఆ 10తో పేచీ లేదు, వాళ్ల గొంతును పెట్టె నేరుగా హెడ్‌ఫోన్‌కు ఇస్తుంది. అతికించేటప్పుడే ఇబ్బంది. నిమిషానికి 80 అక్షరకాలాల నడకలో ఒక్కో అక్షరకాలానికి 8 దెబ్బలు పడితే దెబ్బకు దెబ్బకు మధ్య 94 మిల్లీసెకన్లు. అందులో 10 జారితే పదో వంతు జారినట్టు. లయ తెలిసినవాడికి అది ఒళ్లు జలదరించే తేడా.

కొలత రీపర్ రికార్డింగ్ సెట్టింగులో వేయకుండా ముందు ఒకటి వాయించమన్నాను, తేడా వినపడుతుందో లేదో చూద్దామని.

"మామయ్యా, నేను సరిగ్గానే వాయించాను. వింటే మాత్రం వెనకబడ్డట్టుంది."

"నువ్వు కాదురా, పెట్టె. ఇప్పుడు చూడు."

అంకె వేసి మళ్లీ వాయించాడు. తరంగాలను పెద్దవి చేసి చూశాను. గాత్రం ట్రాకులో మాస్టారు తొడ మీద వేసిన తాళం దెబ్బ, మృదంగం ట్రాకులో ధీంకారం ఒకే గీత మీద నిలబడ్డాయి. ఈ కొలత బఫర్ మార్చినప్పుడల్లా మారుతుంది. అందుకని 128, 44,100 అని ఒక కాగితం మీద రాసి మానిటర్ అంచుకు అంటించాను, ఇంట్లో ఇంకెవరూ సెట్టింగులు ముట్టుకోకుండా.

డిసెంబరు, మొదటి వారం

ఈ వారం పాఠాలన్నీ కొత్త సిస్టమ్ మీదే రికార్డు చేశాను. పంతువరాళి వర్ణం ఒకటి, గీతాలు కొన్ని. ఎక్స్‌రన్ అంకె కదలలేదు. మాస్టారు యంత్రం మారిన సంగతే మరచిపోయారు. రివర్బ్ గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. శ్రుతి పట్టుకున్న చెవి దీన్ని వదిలిపెట్టిందంటే ఆ ఇంపల్స్ రెస్పాన్స్ పాసైనట్టే.

డెబియన్ అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి. రికార్డింగ్ లేని రోజున మాత్రమే వేస్తున్నాను. అంతకు ముందు సిస్టమ్ డిస్కుకు ఒక నకలు తీసి పెడుతున్నాను. రెండు ట్రాకులు, ఒక తంబురా ఉన్న చిన్న సెషన్ ఒకటి పరీక్ష కోసం పక్కన ఉంచాను. అప్‌డేటు తర్వాత ముందు అదే తెరుస్తాను.

చేయాల్సింది ఇంకా ఉంది. రీపర్‌కు రాకముందు నేను సోనార్ అనే రికార్డింగ్ ప్రోగ్రాములో చేసిన పాత భజనలు, ఒక హరికథ మొత్తం, ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. సోనార్ చేసిన కేక్‌వాక్ కంపెనీ పనిని దాని యజమాని గిబ్సన్ 2017 నవంబరులో ఒక ప్రకటనతో ఆపేసింది, 2018 ఫిబ్రవరిలో బ్యాండ్‌ల్యాబ్ కొనుక్కుని మళ్లీ ప్రాణం పోసింది. ఆ మధ్య మూడు నెలలు నాలాంటివాళ్లకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆ ఫైళ్లను లినక్స్‌లో ఏదీ సరిగ్గా చదవలేదు. దాచిన విండోస్ డిస్కు మళ్లీ తగిలించి, ఇంటర్నెట్ కేబుల్ పీకేసి, ప్రతి ట్రాకునూ మొదటి క్షణం నుంచి చివరి క్షణం వరకు ఒకే పొడవున్న వేవ్ ఫైలుగా తీయాలి. అలా తీస్తే ఏ సాఫ్ట్‌వేర్లో వేసినా అన్నీ సున్నా దగ్గర పక్కపక్కనే కూర్చుంటాయి. హరికథ పొడవు రెండు గంటల పైనే, ట్రాకులు పన్నెండు. ఫైళ్ల పేర్లలో ఐత్వం ఉన్నా పర్వాలేదు, ఇప్పుడు మందు తెలుసు. ఆదివారం మొదలుపెడతాను.